తాళం వాళ్ళది, కాగితం మాది

సునీత ఫైలులోంచి రెండు కాగితాలు తీసి, నా కాఫీ గ్లాసు పక్కకి జరిపి, నా ముందు పరిచింది. మొదటిది చేతిరాత. మా ఊరి పేటలో కొత్తగా పెట్టుకుంటున్న సంఘంలో ఎవరెవరు ఉండబోతున్నారో రాసిన జాబితా. అందులో మొదటి పేరు నాది, పక్కన 'గౌరవాధ్యక్షులు' అని ఉంది. రెండోది మీసేవలో తీయించిన ఈసీ. ఒక స్థలం ఎవరి చేతిలోంచి ఎవరి చేతికి పోయిందో చెప్పే కాగితం. అందులో అమ్మినవాళ్ళ వరసలో చివరి పేరు నాది. ఊళ్ళలో వాడకం లేక పడివున్న పాత బడులు, గిడ్డంగులు, సావిళ్ళు అక్కడి జనం సంఘంగా ఏర్పడి తమ పేరున తీసుకునేలా సాయం చెయ్యడం ఆ అమ్మాయి ఉద్యోగం. నా మనవరాలి వయసుంటుంది. రాజమండ్రిలో మా ఫ్లాట్ వెతుక్కుంటూ వచ్చి, మెట్లన్నీ ఎక్కి, మంచినీళ్ళు కూడా తాగకుండా ఆ రెండు కాగితాలూ నా ముందు పెట్టి తల వంచుకుని కూర్చుంది.

"అమ్మగారూ, పేటలో ఎవరికీ నేనింకా చెప్పలేదండి. మీ అన్నయ్యగారు ఒక్కరే అమ్మేశారని, మీకసలు తెలీదని వాళ్ళనుకుంటున్నారు. పేటలో పెద్దావిడ రత్నమ్మగారైతే మరీనండి. మీ పేరు లేకపోతే సంఘమే వద్దంటున్నారు" అంది.

"నా సంతకమేనమ్మా అది" అన్నాను.

"అవునండి. అందుకే, నేను చెప్పడం కంటే మీరే చెప్తే బాగుంటుందనిపించిందండి. గురువారం మీటింగు. కారు నేను తెస్తాను."

అంత మర్యాదగా నన్నెవరూ బోనెక్కించలేదు. సరేనన్నాను. ఆమె వెళ్ళాక కాఫీ మీద మీగడ కట్టింది, పారబోశాను. నాన్న గురించి, ఆ స్థలంలో ఒకప్పుడున్న సావిడి గురించి నేను ఇదివరకే ఒక పత్రికలో రాశాను. చదివి కళ్ళనీళ్ళు పెట్టుకున్నామని ఎంతోమంది ఫోను చేశారు. అలాంటి తండ్రి కడుపున పుట్టడం మీ అదృష్టమండీ అన్నారు. అవునండీ అవునండీ అని పొంగిపోయాను. ఆ వ్యాసంలో నేను రాయని సంగతి ఒకటుంది. దాన్ని పేట వాళ్ళకి చెప్పేముందు ఇక్కడ రాసుకుంటే నోరు పెగులుతుందేమోనని ఇది మొదలుపెట్టాను.

మాది భీమవరానికి దగ్గర్లో కాలువ గట్టు మీది ఊరు. ఇప్పుడు చుట్టూ రొయ్యల చెరువులూ వాటి నీళ్ళలోకి గాలి పంపే ఏరేటర్ల చప్పుడూ తప్ప ఏమీ లేదు గాని, అప్పుడు కనుచూపు మేరా వరిచేలే. నాన్న ఊళ్ళో బడి మాస్టారు. కాలువకి అవతల పేట. అక్కడివాళ్ళంతా చేలల్లో పనిచేసే కూలివాళ్ళు, ఒక చిన్న లూథరన్ చర్చి ఉండేది. పెళ్ళొచ్చినా, వాన వచ్చినా, నలుగురూ కూర్చుని ఒక మాట అనుకోవాలన్నా వాళ్ళకి కప్పు కింద జాగా లేదు. ఊరి సావిట్లోకి వాళ్ళని రానిచ్చేవారు కాదు. మనకే ఒక సావిడి ఉంటే బాగుండునని వాళ్ళలో వాళ్ళనుకుని నాన్నకి చెప్పారు. పేట చివర ఒక రైతుకి పనికిరాని మెరక నేల చెక్క ఉండేది. ఆ చెక్క ఇస్తే రెండు పంటలు మీ చేలు కూలి లేకుండా ఊడ్చిపెడతామని పేటంతా వెళ్ళి ఆయనతో ఒప్పందం చేసుకున్నారు. నాట్లు వెయ్యడాన్ని మావైపు ఊడ్పులంటారు. అన్నమాట ప్రకారం ఆడవాళ్ళంతా రెండు పంటలు ఊడ్చారు. రైతూ మాట తప్పలేదు గాని, "పేట పేరున దస్తావేజు ఎలా రాస్తానండీ? పేట అంటే ఎవరు? ఒక మనిషి పేరు చెప్పండి" అన్నాడు. అందరూ ఒక్కసారిగా నాన్న వైపు చూశారట. అలా ఆ స్థలం మా నాన్న పేరున రాశారు. గోడలు వాళ్ళే పెట్టుకున్నారు, కాలువ మట్టితో. తాటిదూలాలు, పైన పెంకు. నేను అప్పటికి మూడో క్లాసో నాలుగో క్లాసో. పెంకులు చేతులు మార్చుకుంటూ పైకందించే వరసలో నన్నూ నిలబెట్టారు. ఇంటికొచ్చాక అరచేతులు ఎర్రగా ఉన్నాయని అమ్మకి చూపించుకుని మురిసిపోయాను.

ఆ సావిడికి ఒక తాళం వంతు ఉండేది. తాళంచెవి వారానికొక ఇంట్లో. ఆదివారం ప్రార్థన అయ్యాక చర్చి గుమ్మంలోనే చెయ్యి మారేది. ఎవరింట్లో చెవి ఉంటే ఆ వారం వాళ్ళు ఊడ్చి, పేడతో అలికి, కుండలో నీళ్ళు పోసి, సాయంత్రం తాళం వెయ్యాలి. అంతకంటే పెద్ద సంగతి, ఆ వారం సావిడి ఎవరికి కావాలన్నా ఆ గుమ్మంలోకి వెళ్ళి అడగాలి. పాదిరిగారైనా సరే. ఏ ఇంటికీ మినహాయింపు లేదు, ఇంట్లో గంజి కాగని వాళ్ళకైనా వంతు వచ్చేది. ఒకసారి ఎరువుల బస్తాలు రెండ్రోజులు పెట్టుకోడానికి సర్పంచిగారు సావిడి అడగడానికి వచ్చారు. ఆ వారం తాళం రత్నమ్మది. అప్పటికామె ఇంకా పడుచుపిల్ల, ఆ రోజు ఊడ్పుల్లో ఉంది. కబురెళ్ళింది. మోకాళ్ళదాకా బురదతో వచ్చి, సర్పంచిగారు ఎండలో నిలబడి ఉండగానే, తాపీగా సావిడి పక్కన చేలకి నీళ్ళు పారే బోదెలో కాళ్ళు కడుక్కుని, చేతులు కడుక్కుని, కొంగుతో తుడుచుకుని, "ఏంటండి బాబుగారూ?" అని అడిగింది. ఆయన అడిగారు. "రేపు మా పిల్లలకి చదువుందండి, ఎల్లుండి పెట్టుకోండి" అంది. నాన్న ఆ సంగతి ఇంటికొచ్చి అమ్మకి చెప్తూ ఎంత నవ్వారో! నవ్వి నవ్వి కండువాతో కళ్ళు తుడుచుకున్నారు. "మన వంతెప్పుడర్రా?" అని ఒకసారి నాన్నే వాళ్ళనడిగితే, పేట పెద్ద ఏసోబు తాత బోసినోటితో నవ్వి, "మీకెందుకండీ వంతూ? తాళం మాది, కాగితం మీదీనండి" అన్నాడు. అందరూ నవ్వారు. నాకూ ఆ మాట భలే బావుందనిపించింది. బళ్ళో నా స్నేహితులకి అది మా నాన్న సావిడి అని చెప్పుకునేదాన్ని.

ఆదివారాలు మధ్యాహ్నం నాన్న అక్కడ పేపరు చదివి వినిపించేవారు. ఆడవాళ్ళకి సంతకం నేర్పేవారు. ఆయన వెనకాల నేనూ వెళ్ళేదాన్ని. అలికిన నేల ఇంకా తడిగా, చల్లగా ఉండేది. చూరులో దాచిన ఎండుచేపల వాసన, కొత్త పెంకు వాసన, పిల్లల తలల్లో కొబ్బరినూనె వాసన అన్నీ కలిసి ఒకటే వాసన. అది ఇప్పటికీ నా ముక్కులో ఉంది. తిరిగొచ్చాక మా ఇంట్లో ఇంకో తంతు. మిగతా ఎక్కడినుంచి వచ్చినా నాన్న కాళ్ళు కడుక్కుంటే సరిపోయేది. పేటనుంచి వస్తే మాత్రం నూతిదగ్గర అమ్మ నీళ్ళు తోడి సిద్ధంగా ఉంచేది, తలమీద పోసుకుంటేగాని వంటింటి వైపు రానిచ్చేది కాదు. నాన్న ఎందుకని అడిగేవారు కాదు, పోసుకునేవారు. నేనూ పోసుకునేదాన్ని. రత్నమ్మ ఎప్పుడైనా మా ఇంటికొస్తే దొడ్డిగుమ్మం దగ్గరే నిలబడేది. అరుగు మీదికి రమ్మని మేమెవరం అనలేదు. నా వ్యాసంలో ఇది కూడా రాయలేదు. బయట అంత వెలుగైన మనిషి మా నూతిదగ్గర తల వంచుకుని నీళ్ళు పోసుకోవడం రాస్తే వ్యాసం చెడుతుందనుకున్నాను.

నాన్నకి ఆ కాగితం మొదటినుంచీ గుచ్చుకుంటూనే ఉండేది. బడి అయ్యాక వీధరుగు మీద పీట వేసుకుని, పాత పరీక్ష కాగితాల వెనకవైపు, సంఘాల నియమావళులు రాసేవారు. సావిడి మాట ఆనోటా ఈనోటా పాకి, ఎక్కడెక్కడివాళ్ళో వచ్చేవారు. పట్టిసీమ వైపు పడవలవాళ్ళు వలలు ఆరేసుకునే షెడ్డు కోసం, కోరుకొండ దగ్గర కుమ్మరివాళ్ళు కుండలు కాల్చే ఆవం పెట్టుకునే జాగా కోసం. అందరికీ ఆయన ఒకటే చెప్పేవారు: "కట్టుకోవడం తేలికేనయ్యా. ఒక మనిషి పేరున మాత్రం పెట్టుకోకండి. మనిషి పోతాడు, సంఘం ఉంటుంది." కుమ్మరివాళ్ళ కాగితం పని అయ్యేదాకా రెండు బస్సులు మారి ఎన్నిసార్లు తిరిగారో! మా ఊరి సావిడి మాత్రం ఆయన పేరునే ఉంది. ఇదేం చోద్యమండీ అని ఎవరైనా అడగొచ్చు. ఆయన ప్రయత్నించకపోలేదు. మూడుసార్లు స్టాంపు కాగితం కొని పేటకి పట్టుకెళ్ళారు. మూడోసారి నేను పక్కనే ఉన్నాను. ఆయన విడమరిచి చెప్తున్నారు, "నా పేరు తీసేసి మీ సంఘం పేరు రాద్దాం. ఈ కాగితం మీద మీ పేర్లుండాలి" అని. ఏసోబు తాత లేచి, "మా వల్ల ఏదన్నా తప్పు జరిగితే చెప్పండి మాస్టారూ. అంతేగాని ఇలా వదిలేసి పోతారేంటండి?" అన్నాడు. ఆయన పేరు తీసెయ్యడమంటే తమని వదిలించుకోవడమని వాళ్ళకి తోచింది. రత్నమ్మ కొంగు నోటికడ్డం పెట్టుకుని ఏడ్చింది. కాగితం అడిగితే మాస్టారిని నమ్మనట్టేనని వాళ్ళూ, ఇంకా బలవంతం చేస్తే వాళ్ళ మనసు కష్టపెట్టినట్టేనని ఈయనా, ఇలా ఒకరి మర్యాద ఒకరు కాపాడుకుంటూ పోయారు. స్టాంపు కాగితం మడిచి జేబులో పెట్టుకుని ఇంటికొచ్చి, ఆ పూట అన్నం సరిగా తినలేదు. "మీ పేరుంటే మీకొచ్చిన నష్టమేంటి?" అంది అమ్మ. "నాకు కాదే, వాళ్ళకి" అన్నారు. ఇప్పుడు నాకనిపిస్తుంది, నాలుగోసారి కూడా వెళ్ళాల్సింది. వెళ్ళలేదంటే, వాళ్ళకి తానంత అవసరమన్న మాట ఆయనకి ఏ మూలో తియ్యగా ఉండే ఉంటుంది. నాన్న కూడా మనిషే కదా. అలా అనుకోడానికి నాకు చాలా ఏళ్ళు పట్టింది.

నాన్న పోయారు, కొన్నాళ్ళకి అమ్మా పోయింది. గాలివానకి సావిడి పెంకులు సగం లేచిపోయాయి. ఏసోబు తాత లేడు. పేటలో కుర్రాళ్ళు భీమవరంలో ఐసు ఫ్యాక్టరీలకీ, రొయ్యల షెడ్లకీ పనికెళ్తున్నారు. రేకులు కప్పుకుని, పెళ్ళిళ్ళకీ, కుట్టుమిషన్లకీ వాళ్ళా సావిడిని వాడుకుంటూనే ఉన్నారు. నేను రాజమండ్రిలో పాఠాలు చెప్పుకుంటూ, కథలు రాసుకుంటూ, ఊరికి వెళ్ళడం తగ్గించాను. అన్నయ్య భీమవరంలో రొయ్యల మేత వ్యాపారం చేసేవాడు. ఒకరోజు ఫోను చేసి, నాన్న పేరున ఉన్నవన్నీ అమ్మేద్దాం, పెరడు, ఇల్లు, చెక్కలు, ఒకరే తీసుకుంటామంటున్నారు, ఒక్కసారి వచ్చి సంతకం పెట్టు అన్నాడు. సావిడి మాట ఎత్తలేదు. నేనూ అడగలేదు. అడిగితే చెప్తాడని తెలుసు, చెప్తే కాదనాలని తెలుసు, కాదంటే అన్నయ్యతో గొడవని తెలుసు. తెలిసినవన్నీ మూటకట్టి పక్కన పెట్టి బస్సెక్కాను.

రిజిస్ట్రారు ఆఫీసులో ఫ్యాను కింద జనం. మధ్యాహ్నం భోజనానికి ముందే అయిపోవాలని అందరికీ తొందర. దస్తావేజు రాసే ఆయన పేజీలు తిప్పుతూ, "ఇక్కడమ్మా, ఇక్కడ, ఇక్కడ" అని వేలు పెట్టి చూపిస్తున్నాడు. ఒక పేజీ దగ్గర నా చెయ్యి ఆగింది. హద్దులు. తూర్పు పంటబోదె, దక్షిణం చర్చివారి స్థలం, పడమర పేటకి పోవు బాట. సర్వే నెంబర్లు నాకు తెలియవు గాని ఆ హద్దులు నాకు తెలుసు. ఆ తూర్పు బోదెలోనే ఒకప్పుడు రత్నమ్మ సర్పంచిగారిని నిలబెట్టి కాళ్ళు కడుక్కుంది. తలెత్తి అన్నయ్య వైపు చూశాను. అతను కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు. నా వెనక ఎవరో దగ్గారు. "ఏమ్మా, పేరు తప్పు పడిందా?" అన్నాడు దస్తావేజు ఆయన. లేదండి అన్నాను. సంతకం పెట్టాను. అంతే జరిగింది. నన్నెవరూ బెదిరించలేదు, మోసం చెయ్యలేదు. చదవడం వచ్చినదాన్ని, చదివి పెట్టాను. బయటికొచ్చాక అన్నయ్యతో, నా వాటా నాకొద్దు, నువ్వే ఉంచుకో అని, దాంతో చేతులు దులుపుకున్నాననుకున్నాను. ఆ రోజు అన్నయ్య హోటల్లో భోజనం పెట్టించాడు. తిన్నాను కూడా.

ఇటుకల లారీ వచ్చి ఆగినప్పుడే పేటవాళ్ళకి సంగతి తెలిసిందట. అన్నయ్య దగ్గరికి వెళ్తే కాగితం చూపించాడు. చర్చికి వచ్చే వకీలు ఒకాయన కేసు వెయ్యమన్నా, మాస్టారి కొడుకు మీద కోర్టుకెలా ఎక్కుతామని ఊరుకున్నారట. సావిడి ఉన్నచోట ఇప్పుడు మేత బస్తాల గోడౌను. వీటన్నిటి మధ్యా వాళ్ళు ఒకటి గట్టిగా నమ్మారు, నాకు తెలిసుంటే ఆపేదాన్నని. పుస్తకాలు రాసే మనిషి, తండ్రి పోలిక, ఆమెకి తెలియదని. ఆ నమ్మకం సంగతి సునీత చెప్పేదాకా నాకు తెలియదు. తెలియకపోవడమే బావుండేది.

ఇక మిగిలింది వెళ్ళొచ్చాక రాస్తున్నాను. గురువారం ఎండ దిగకముందే చేరాం. చర్చి వరండాలో ప్లాస్టిక్ కుర్చీలు వేశారు, మధ్య కుర్చీ నాకు. పేటలో పిల్లలు చాలక మూసేసిన చిన్న బడి ఒకటుంది, దాన్ని పంచాయతీ నుంచి సంఘం పేరున తీసుకోవాలన్నది ఇప్పటి ప్రయత్నం. సునీత ఒడిలో జాబితా పెట్టుకుని ఓ పక్కగా కూర్చుంది. రత్నమ్మని చూసి మొదట పోల్చుకోలేకపోయాను. నడుం వంగిపోయింది, జుట్టు నా జుట్టు కంటే తెల్లగా ఉంది. నా రెండు చేతులూ పట్టుకుని, "మాస్టారు వచ్చినట్టే ఉందమ్మా" అంది. చుట్టూ ఉన్న కుర్రవాళ్ళకి నన్ను చూపించి, "ఈవిడకి ముందే తెలిసుంటే మన సావిడి మనకుండేదర్రా" అంది. ఆ చేతులు విడిపించుకుని లేచి నిలబడ్డాను. కూర్చుని చెప్పే మాట కాదనిపించింది.

"నాకు తెలుసు రత్నమ్మా. ఆ కాగితం మీద అన్నయ్య సంతకం పక్కన నాదీ ఉంది. హద్దులు చదివాను. మన సావిడని తెలిసే పెట్టాను" అన్నాను.

ఎవరిదో ఫోను మోగితే వెంటనే కట్టేశారు. రత్నమ్మకి సరిగా వినపడలేదేమోనని మళ్ళీ చెప్పబోయాను. వినపడింది.

"చదివారా?" అంది.

"చదివాను."

తిడుతుందేమోనని, తిడితే బావుండునని ఎదురుచూశాను. తిట్టలేదు. "ఆ స్థలానికి రెండు పంటలు ఊడ్చామండి. రెండో పంటకి నాకు నెలలు నిండిపోయాయి. వంగలేకపోతే మా అత్త, ఒంగవే, ఇది మన సావిడికీ అంది. ఒంగి ఊడ్చాను. ఆ పిల్లోడు దక్కలేదండి" అంది. ఇన్నేళ్ళలో ఆ మాట ఎప్పుడూ నా చెవిన పడలేదు. నాన్నకి తెలుసో లేదో కూడా నాకు తెలియదు. రత్నమ్మ సునీత వైపు తిరిగింది.

"ఆ మొదటి పేరు కొట్టేయమ్మా" అంది.

వెనకనుంచి ఒకతను, "మరి అక్కడ ఎవరి పేరు పెడదామంటావు పిన్నీ? ఎవరో ఒక పెద్దవాళ్ళది లేకపోతే..." అన్నాడు.

"ఎవరిదీ వద్దు. మన పేర్లు రాయించండి. మన పేర్లు చాలు."

ఆ మాట కోసం నాన్న మూడుసార్లు స్టాంపు కాగితం పట్టుకుని ఇక్కడికి వచ్చారు. వినకుండానే పోయారు. అది వినే యోగం నాకు పట్టింది, ఇలా. సునీత నా పేరు మీద అడ్డంగా గీత గీసి, కాగితం తిప్పి వెనకవైపు మొదటి అంకె వేసి, ఇంటిపేరుతో సహా చెప్పమంది. రత్నమ్మ చెప్పింది. తరవాత ఒక్కొక్కరే లేచి వచ్చి చెప్పడం మొదలుపెట్టారు. వాళ్ళు ముందుకు రావడానికి దారి చాలక, నా కుర్చీ తీసి గోడవారకి జరుపుకున్నాను.